మజూరీ లేని అంగడి

నగల అంగట్లో బంగారం తూచాక తరుగు ఇంత, మజూరీ ఇంత అని కలుపుతారు. గుజిరీ అంగట్లో ఆ మాటే వినపడదు. కాటా మీద ఎంత తూగితే అంత. ఇత్తడికి ఒక రేటు, రాగికి ఒకటి, కంచుకు ఒకటి, పోత ఇనుముకు ఒకటి. విరిగిన కుళాయి ముక్కైనా, ఎప్పుడో ఒక కంచరి రోజుల తరబడి సుత్తితో మలిచిన గుండిగైనా కాటాకు ఒకటే. పనితనానికి అక్కడ పైసా లేదు. పాత సామాన్లలో మంచి బేరం తగిలినప్పుడు కలిగే సంతోషం నాలుగు రాళ్ళు మిగిలాయని మాత్రమే కాదు. లోహానికి డబ్బిచ్చి, దాని మీద పడిన చేతిపనినంతా ఊరికే ఇంటికి తెచ్చుకుంటాం. ఆ పనిని గుర్తుపట్టే కన్ను ఉంటే చాలు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం తిరిగేవాళ్ళకు ఈ కన్ను తొందరగా వస్తుందని నా నమ్మకం. మదనపల్లె టమోటా ఊరు. 2023 జూలైలో కిలో వంద దాటి పోయిన పండే ఇంకో కారులో కోత కూలికి కూడా రాక రోడ్డు పక్కన కుప్పలుగా పడి ఉండడం ఇక్కడ అందరూ చూసిందే. వస్తువు విలువ, దాని ధర ఒకటి కావని ఈ ఊళ్ళో చిన్నపిల్లలకూ తెలుసు. పుంగనూరైతే ఇంకా పెద్ద సాక్ష్యం. మీటరు ఎత్తు కూడా ఉండని ఆ ఊరి ఆవును పాలు ఎన్ని లీటర్లిస్తుందన్న లెక్కతో చూసినన్నాళ్ళూ పెంచేవాళ్ళు కరువై జాతే అంతరించే దశకు వచ్చింది. పాలలో వెన్న ఎంత, మేత ఎంత తక్కువ, ఎండకు ఎట్లా ఓర్చుకుంటుంది అని చూడడం మొదలయ్యాక కథ మారింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం జాతిని నిలబెట్టింది. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని ఇంటి పెరట్లో గడ్డి మేసిన ఆవులు ఇవే. ఈరోజు ఒక మేలు జాతి దూడ ధర లక్షల్లో పలుకుతుంది. ఆవు మారలేదు, కొలిచే పద్ధతి మారింది.

గుజిరీలో ఇత్తడి కథ ఇంకా మారలేదు. అదే మన అదృష్టం.

ఇంతింత ఇత్తడి అక్కడికి ఎందుకు చేరింది? ఒకప్పుడు పెళ్ళికూతురి వెంట బిందె, గుండిగ, చెంబులు, కంచం, దీపపు కుందులు సారెగా వచ్చేవి. అవి వంట సామానూ అయ్యేవి, అవసరానికి పనికొచ్చే ఆస్తీ అయ్యేవి. వానలు మొహం చాటేసిన ఏడు మొదట వెండి, తర్వాత రాగీ ఇత్తడీ కుదువ అంగడికి నడిచేవి. ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. 1980ల మొదట్లో పక్కనే సేలంలో ఉక్కు కర్మాగారం స్టీలు రేకు తీయడం మొదలయ్యాక స్టీలు సామాను సామాన్యుల ఇళ్ళకూ అందుబాటులోకొచ్చింది. చింతపండు పెట్టి తోమే పని లేదు, కళాయి పూయించే పని లేదు. పాత ఇత్తడి తీసుకుని కొత్త స్టీలు ఇచ్చే బండ్లు వీధి వీధీ తిరిగాయి. అటకల మీద మిగిలినవి ఇప్పుడు ఇల్లు మారినప్పుడో, పెద్దవాళ్ళు పోయి పిల్లలు బెంగళూరులో స్థిరపడినప్పుడో దిగుతున్నాయి. గుజిరీలో కొన్నాళ్ళు ఉండి, లారీ ఎక్కి, కొలిమిలో కరిగిపోతాయి.

చెంబు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. ప్రపంచంలో పేరున్న డిజైనర్లు ఇద్దరు దీని ముందు అట్లాగే ఆగిపోయారు. భారత ప్రభుత్వం పిలుపు మీద వచ్చి దేశమంతా తిరిగిన అమెరికన్ దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ 1958లో ఒక నివేదిక ఇచ్చారు. తాము చూసిన వస్తువులన్నిటిలో అత్యంత గొప్పదిగా, అందమైనదిగా వాళ్ళు ఎంచింది రోజూ వాడే లోటాని. దాన్ని ఒక్క మనిషి కూర్చుని గీసి ఉండడని, తరాల చేతులు కలిసి ఆ రూపానికి తెచ్చాయని రాశారు. ఎన్ని నీళ్ళు పట్టాలి, చేతిలో ఎట్లా ఇమడాలి, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ బరువు ఎటు వాలాలి, పోసేటప్పుడు ధార ఎట్లా పడాలి, లోపల ఎట్లా తోమాలి అని వరసగా ప్రశ్నలు వేసుకుంటూ పోయారు. అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ 1961లో పుట్టింది ఆ నివేదిక వల్లనే.

ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు గుజిరీలో మూలన పడి ఉంటుంది. మదనపల్లెలో నేను తెచ్చుకున్న చెంబు ఒకటి ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. అంగడాయన దాన్ని కాటా మీదికి విసిరేస్తూ, "సొట్ట ఉండాది చూసుకో అక్కా, మళ్ళీ వాపసు తెస్తే కుదర్దు" అన్నాడు. కడుపు మీద బొటనవేలంత సొట్ట, నిజమే. కానీ చెంబును తిరగేసి అడుగు చూడండి. మధ్యలో చుక్కంత గుంట, దాని చుట్టూ ఒకదానిలో ఒకటి ఒదిగిన సన్నని వలయాలు. పోత పోశాక తరిణె మీదికెక్కించి ఉలి పట్టిన గుర్తులవి. వలయానికీ వలయానికీ మధ్య దూరం ఎక్కడా చెదరలేదు. ఉలి పట్టిన చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. అడుగు పూర్తిగా చదునుగా లేదు, లోపలికి రవంత నొక్కుకుని ఉంది. అందువల్ల ఎగుడుదిగుడు బండ మీద కూడా ఊగకుండా నిలబడుతుంది.

ఇప్పుడు వేలితో మందం తడమండి. అడుగున దళసరి, కడుపు దగ్గర పలుచన, మెడ ఎక్కేకొద్దీ మళ్ళీ దళసరి, అంచు దగ్గర అన్నిటికంటే గట్టిగా ఉంటుంది. దెబ్బలు తగిలేది అంచుకే కాబట్టి పనివాడు లోహాన్ని అక్కడ దాచిపెట్టాడు, అవసరం లేని కడుపు దగ్గర పొదుపు చేశాడు. అడుగు బరువుగా ఉండడంతో సగం నీళ్ళున్నా ఒరగదు. మెడ సరిగ్గా నాలుగు వేళ్ళు చుట్టుకునేంత. పైన అంచు బయటికి వాలింది, ఆ వాలు కింద బొటనవేలు దానంతటదే ఆగుతుంది. నీళ్ళు పోసి వంచితే ధార తెగకుండా పడుతుంది, ఆపగానే ఆగుతుంది, ఒక్క చుక్క కూడా అంచు కింద నుంచి కడుపు మీదికి జారదు. మా ఇంట్లో కొత్తగా కొన్న గాజు జగ్గుకు ఈ విద్య రాదు.

మెడ మీద పేరుంది. చిన్న ఉలిని నిలబెట్టి సుత్తితో తట్టితే పడే చుక్కలు, ఆ చుక్కలు కలిసి అక్షరాలు. ఒక ఇంటిపేరు పొడి అక్షరంతో మొదలై, ఒక ఆడమనిషి పేరు, తర్వాత తేదీ. ఆ పేరు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. గుడింతాలు ఎక్కడా అతుక్కోలేదు, తలకట్టు తలకట్టుగానే ఉంది. వంపు తిరిగిన ఇత్తడి మీద, గుండ్రంగా వెళ్ళే వరసలో, తెలుగు అక్షరాన్ని చుక్కలతో రాయడం ఎంత కష్టమో కాగితం మీద ప్రయత్నించినా తెలిసిపోతుంది. కుప్పంలోనైతే ఈ పేర్లు చదవడమే ఒక పండగ. మూడు రాష్ట్రాలు కలిసే చోటు అది. ఒకే బస్తాలోంచి తెలుగు పేరున్న గిన్నె, తమిళ అక్షరాల తవ్వ, కన్నడం కొట్టిన తట్ట బయటికి రావచ్చు. బెంగళూరు, చెన్నై మధ్య తిరిగే రైళ్ళు ఆ స్టేషన్లో ఆగుతాయి. సంబంధాలు మూడు భాషల్లోనూ కుదురుతాయి, సారె సామాన్లు కూడా అట్లాగే ఊళ్ళు దాటాయి.

పోత చెంబు సంగతి అది. రేకు కొట్టి చేసిన గుండిగ పని వేరు, దాన్ని లోపల నుంచి చూడాలి. ఫోన్ టార్చి లోపలికి వేస్తే కడుపు మధ్యలో చుట్టూ ఒక గీత కనిపిస్తుంది. మామూలు గీత కాదు, రంపపు పళ్ళలా అటూ ఇటూ వంకర తిరుగుతూ పోతుంది. కింది సగం, పై సగం వేరువేరుగా కొట్టి, ఒకదాని అంచును పళ్ళు పళ్ళుగా కత్తిరించి, ఒక పన్ను లోపలికీ ఒక పన్ను బయటికీ వచ్చేట్టు రెండో దాన్ని దూర్చి, వెలిగారం చల్లి, తొందరగా కరిగే ఇత్తడి పొడితో నిప్పుల మీద అతికారు. ఉత్త అంచుకు అంచు అతికితే నీళ్ళ బరువుకు విచ్చుకుంటుంది. పళ్ళు పెడితే రెండు సగాలూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అతికాక మళ్ళీ సుత్తితో కొట్టి, ఆకురాయితో రుద్ది, బయటి వైపు చేతికి తగలకుండా చేశారు. కళ్ళు మూసుకుని బయటి నుంచి తడిమితే అతుకెక్కడుందో చెప్పలేం. లోపల మాత్రం లేత పసుపు రంగులో పళ్ళన్నీ కనిపిస్తాయి.

సుత్తి దెబ్బల్ని కూడా చూడాలి. ఇత్తడి రేకును కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. ఇంకా కొడితే పగులుతుంది. కాబట్టి కొట్టడం, ఎర్రగా కాల్చి మెత్తబరచడం, మళ్ళీ కొట్టడం. ఎప్పుడు ఆపాలో సుత్తి మోగే తీరును బట్టి కంచరికి తెలుస్తుంది. గుండిగ భుజం మీద వెలుగు ఏటవాలుగా పడేట్టు తిప్పితే చింతగింజంత పలకలు వరసలు వరసలుగా మెరుస్తాయి. ఒక్కొక్క పలక ఒక్కొక్క దెబ్బ. పంజాబ్‌లోని జండియాలా గురు అనే ఊళ్ళో ఠఠేరాలు ఇట్లా ఇత్తడీ రాగీ కొట్టే పనిని యునెస్కో 2014లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అదే జాతి పనిని మనం ఇక్కడ కిలోల లెక్కన కరిగిస్తున్నాం. అహ్మదాబాద్‌లోనే సురేంద్ర పటేల్ అనే ఆయన కరిగిపోతున్న పాత పాత్రల్ని ఏరి, 1981లో విశాలా అనే భోజనశాల ఆవరణలో 'వెచార్' పేరుతో పాత్రల మ్యూజియం పెట్టారు. అట్లాంటిది రాయలసీమలో ఒకటి ఎందుకు ఉండకూడదు? పుంగనూరు ఆవు విషయంలో వచ్చిన ఆలోచన పుంగనూరు గుండిగ విషయంలోనూ రావాలి.

కంచు కంచం దొరికితే మాత్రం వేలి కణుపుతో తట్టి చూడండి. ఇత్తడి టప్పుమని ఊరుకుంటుంది, కంచు మోగి ఆ మోత చాలాసేపు సాగుతుంది. రాగి నాలుగు పాళ్ళకు తగరం ఒక పాలు మించి కలిస్తేనే ఆ గొంతు వస్తుంది. ఆ లోహం చల్లగా ఉన్నప్పుడు సుత్తి తగిలితే పగిలిపోతుంది. ఎర్రగా కాల్చినప్పుడు మాత్రమే మాట వింటుంది. పని అయ్యాక ఎర్రగా ఉండగానే నీళ్ళలో ముంచితే పెళుసుతనం తగ్గుతుంది. అంటే కంచం అంత పలచగా, అంత గుండ్రంగా రావాలంటే ప్రతి దెబ్బా ఆ ఎరుపు ఆరేలోపల పడి ఉండాలి. నేలకు తగిలి పగిలిన కంచు కంచాలు గుజిరీలో ముక్కలుగా కనిపిస్తాయి. మొత్తంగా మిగిలింది దొరికిందంటే ఎన్ని చేతులు దాన్ని జాగ్రత్తగా దించిపెట్టాయో తెలుస్తుంది.

బేరం గురించి ఒక మాట. అంగట్లో బేరమాడండి, గట్టిగా ఆడండి, అది వాళ్ళ వ్యాపారం. అడ్డికి పావుశేరుగా ఇచ్చేసినట్టు మొహం పెట్టినా వాళ్ళ లాభం వాళ్ళకుంటుంది. ఇంటి గడప దగ్గర, ఆస్పత్రి ఖర్చుకో పిల్లల ఫీజుకో అమ్ముకుంటున్నవాళ్ళ దగ్గర మాత్రం ఆడకండి. అక్కడ కాటా చెప్పినదానికి మజూరీ కలిపి ఇవ్వాల్సింది మనమే.

అసలూ నకిలీ పోల్చుకోవడం కష్టం కాదు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడికీ రాగికీ కంచుకూ అది అతుక్కోదు, లోపల ఇనుముండి పైన పూత ఉంటే టక్కున పట్టేస్తుంది. 'యాంటిక్' అని నల్లరంగు వేసి అమ్మేవాటిలో నలుపు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. నిజంగా వాడిన పాత్రలో చెయ్యి పడే చోట నునుపు, చెయ్యి పడని మూలల్లో చిలుము. అంచు ఒకవైపు ఎక్కువ అరిగి ఉంటే అది ఎప్పుడూ అటే వంచి పోసిన మనిషి గుర్తు. వంటకు వాడదలిస్తే కళాయి తప్పదు. ఇత్తడిలో చింతపులుసో మజ్జిగో ఉంచితే చెడుతుంది, చేదెక్కుతుంది. పాత్రను వేడిచేసి, నవాసాగరం చల్లి, తెల్లటి పొగ లేస్తుండగా తగరం కడ్డీ ఆనించి దూదితో లోపలంతా తిప్పుతారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పాత్రకు ఏమీ కాదు. సీసం కలపని తగరమే కావాలని అడిగి పూయించుకోండి, ఈ విషయంలో మొహమాటం వద్దు.

మదనపల్లెలో కాటా ఇంకో రకం పనిని కూడా మింగుతుంది. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధుల్లో తిరిగేవాళ్ళకు కావలసింది చీర కాదు, అందులోని వెండి. మేలిరకం జరీలో పట్టుపోగు చుట్టూ వెండి తీగను చదును చేసి చుట్టి పైన బంగారు పూత పూస్తారు. బరువులో సగానికి పైగా వెండే. చీరను కాల్చి ఆ వెండిని రాబడతారు. అట్లా మూటలోకి పోబోతున్న ఒక చీరను మా బంధువుల ఇంట్లో ఆపి తీసుకున్నాను. వంకాయరంగు ఒళ్ళు మడతల దగ్గర చీలిపోయింది, ఆకుపచ్చ అంచు మాత్రం చెక్కుచెదరలేదు. ఊళ్ళోనే నీరుగట్టువారిపల్లెలో పట్టు నేసే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన కొంగు వైపు కన్నెత్తలేదు. తిరగేసి, అంచూ ఒళ్ళూ కలిసే చోటు గోటితో పట్టుకుని చూశాడు. "ఇద్దరు కూర్చుని నేసింది తల్లీ ఇది. ఒళ్ళుకొక నాడె, అటంచుకొకటి ఇటంచుకొకటి. అవతల కూర్చున్న పిల్లోడు ఒక్క పోగు తప్పినా ఈడ సందు పడతాది" అన్నాడు. భూతద్దం పెట్టి చూశాను. వంకాయరంగు పోగు వచ్చి ఆకుపచ్చ పోగును చుట్టి వెనక్కి తిరుగుతుంది, కోటకొమ్మ కోటకొమ్మకూ అదే కొలత. అంచు పొడుగునా సూదిమొనంత రంధ్రాలు కూడా ఉన్నాయి, బట్ట ముడుచుకోకుండా మగ్గం మీద అడ్డంగా సాగదీసి పట్టే పుల్ల గుచ్చుకున్న జాడలు. చేతిమగ్గానికి అంతకంటే మంచి సంతకం లేదు. ఆ అంచులు కత్తిరించి కొత్త పట్టు మీద వేయించి మా పాపకు పరికిణీ కుట్టించాం. పెద్దాయన కుట్టుకూలి తీసుకునే టైలర్ పేరు చెప్పాడు గానీ, తను చూసినందుకు మాత్రం ఏమీ పుచ్చుకోలేదు.

పుంగనూరులో నాకు దొరికింది ఇనుము. పోత ఇనుము లెక్కన తూచడానికి సిద్ధంగా పెట్టిన చేతి కుట్టుమిషను. అడుగుపలక మీద కుడివైపు నంబరు, ముందు అక్షరం. ఆ అక్షరం, అంకెలను బట్టి సింగర్ కంపెనీ మిషన్లు ఏ ఫ్యాక్టరీలో ఏ ఏడు తయారయ్యాయో చెప్పొచ్చు. ఇది స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌ది. 1980లో మూతపడిన ఆ ఫ్యాక్టరీ తలుపులు ఇక తెరుచుకోవు, కానీ దాని మిషను చెయ్యి తిప్పగానే కదిలింది. కింద గుండ్రటి బాబిన్ లేదు, పడవలాంటి చిన్న ఉక్కు నాడె, అందులో సన్నని పొడుగు కండె. సూది దిగి దారంతో చిన్న ఉచ్చు వేసిన క్షణాన నాడె ఆ ఉచ్చులోంచి దూరి వెళ్ళిపోతుంది. నూనె ఎండి బంకైన చోట కిరోసిన్‌తో కడిగి, కొత్త నూనె చుక్కలు వేసి తిప్పితే టకటకమనే మోత పోయి మెత్తగా నడిచింది. నల్లటి ఒంటి మీద బంగారు పూలతీగ అంతా ఉంది, ముందు అంచున మాత్రం పూర్తిగా అరిగిపోయింది. బట్టను తోసే ఎడమ అరచెయ్యి ఆనే చోటు అది. ఏ టైలరో, ఎన్ని పండగలకు ఎన్ని రవికలు కుట్టాడో, అంతా ఆ అరుగుదలలో ఉంది.

"పని చేస్తాదా అన్నా?" అని నేనడిగితే అంగడాయన నవ్వి, "చేస్తే నేను ఇనుములో ఎందుకు వేస్తానక్కా?" అన్నాడు. చక్రం ఒకసారి తిప్పి చూపించాను. మరుసటి వారం నుంచి మిషన్లు వస్తే పక్కన పెట్టమని ఆయనకు చెప్పాను. పెడుతున్నాడు, తూకానికి కొంచెం ఎక్కువే అడుగుతున్నాడు. ఆ ఎక్కువ ఇవ్వడం నాకు ఇష్టమే. ఎందుకంటే ఆ అంగట్లో మొదటిసారి పనికి కూడా ఒక ధర పలికింది.

మీరూ వెళ్ళేట్టయితే ముందు ఒకటి కనుక్కోండి: లారీ ఏ రోజు వస్తుందో. నెలాఖరుకో పదిహేను రోజులకో బస్తాలన్నీ కట్టి ఎక్కించేస్తారు. లారీకి ముందురోజు పొద్దున్నే వెళితే కుప్ప నిండుగా ఉంటుంది, బస్తాల మూతులింకా కుట్టి ఉండవు, అంగడాయన కూడా స్థలం ఖాళీ చేసుకునే తొందరలో ఉంటాడు. అయస్కాంతం, టార్చి, ఒక గుడ్డముక్క తీసుకెళ్ళండి. చిలుము తుడిచి చూడందే ఏ పాత్రకూ అవునో కాదో చెప్పకండి.